పాత డీజిల్ బండి: సౌండు ఎప్పుడు మారుతోంది?

(కోనసీమలో టాక్సీ డ్రైవర్లకీ, చిన్న షెడ్డు మెకానిక్కులకీ, సొంత బండి ఉన్నవాళ్లకీ చెప్పిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగులోంచి ఎత్తి రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతాది అన్నది అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. ముందుగా ఒక్క మాట. బయట మామిడిచెట్టు కింద పాత ఇండికా పెట్టారు, చూశారు కదా? కొబ్బరిచెట్టు కింద పెట్టలేదు లెండి, అలా పెట్టే అమాయకుడు కోనసీమలో ఉండడు. దాన్ని రాత్రి నుంచీ ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు. ఇప్పుడు కూడా ఎవరూ చెయ్యొద్దు. తాళం నా జేబులోనే ఉంది. ఎందుకంటే చల్లారిన ఇంజన్ చెప్పే మాట రోజుకి ఒక్కసారే చెబుతుంది. మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ వచ్చేసరికి ఆ మాట అయిపోతుంది. వేడెక్కిన బండి తెచ్చి "పొద్దున్న కొడతాందండి, ఇప్పుడు కొట్టట్లేదు" అంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు? అందుకని ఆఖర్న అందరం కలిసి దాన్ని విందాం.

డీజిల్ బండికి సౌండు ఉండటం రోగం కాదండి, అది దాని పుట్టుక. పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిల్లో ఆ ప్లగ్గు లేదు. గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తాం. ఇండికా, అంబాసిడర్ డీజిల్ లాంటి ప్రీ-చాంబర్ ఇంజన్లలో, అంటే మంట ముందు ఒక చిన్న గదిలో అంటుకునేవాటిలో, ఇరవై ఇరవైమూడు వంతుల గాలిని ఒక్క వంతులోకి నొక్కేస్తాం. గాలి 500 డిగ్రీలు దాటి కాగిపోతుంది. అందులోకి ఇంజెక్టర్ మూతి, అంటే నాజిల్, డీజిల్ చిమ్ముతుంది. చిమ్మగానే అంటుకుంటుందా? అంటుకోదు. ఒక్క లిప్తపాటు ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ పడ్డ డీజిల్ అంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. అదే మనం వినే టకటక. ఆ ఆలస్యం ఎంత పెరిగితే టకటక అంత పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే సగం రోగాలు మీకే అర్థమైపోతాయి.

ఆలస్యం ఎందుకు పెరుగుతుంది? ఇంజన్ చల్లగా ఉంటే పెరుగుతుంది. పిస్టన్ రింగులో వాల్వులో అరిగి కంప్రెషన్, అంటే గాలిని నొక్కే బలం, తగ్గితే పెరుగుతుంది. నాజిల్ పొగమంచులా చిమ్మకుండా చుక్కలు చుక్కలుగా కారిస్తే పెరుగుతుంది. డీజిల్ పంపు టైమింగ్, అంటే డీజిల్ ఎప్పుడు చిమ్మాలన్న లెక్క, మరీ ముందుకి పెడితే, గాలి ఇంకా కాగకముందే డీజిల్ పడిపోయి పెరుగుతుంది. డీజిల్లో కిరోసిన్ కలిస్తే పెరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మనకి అమ్మే బీఎస్-6 డీజిల్‌కి సీటేన్ నంబరు 51కి తగ్గకూడదు. సీటేన్ అంటే తొందరగా అంటుకునే గుణం. అందుకే బంకులో మంచి డీజిల్ కొట్టించుకున్నవాడి బండి మెత్తగా ఆడుతుంది, ఎక్కడో డ్రమ్ములోంచి తోడించుకున్నవాడిది గరగరలాడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. బండి వస్తుంది. మనవాళ్లు ఏం చేస్తారు? బోనెట్ ఎత్తి, నాలుగుసార్లు రేస్ ఇచ్చి, తల అడ్డంగా ఊపి, "బేరింగులు పోయాయండి, ఇంజన్ దింపాలి" అంటారు. అవునా కాదా? నవ్వుతున్నారంటే అవుననే. నేనేమంటానంటే, ఆ సౌండు పేరేంటో తర్వాత చూద్దాం. అది ఎప్పుడు మారుతోందో ముందు చెప్పండి. ఒకేలా వచ్చే సౌండుని పట్టుకోవడం కష్టం. మారే సౌండు మన చుట్టం. అది మారినప్పుడల్లా తన అడ్రసు తనే చెబుతుంది.

బండి యజమానులు ఉన్నారు కదా, మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు రెండు రోజులు గమనించి కాగితం మీద రాసుకోండి. పొద్దున్న మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు ఉందా? ఉంటే ఎంతసేపటికి పోయింది? పది సెకన్లా, రెండు నిమిషాలా, పది కిలోమీటర్లా? క్లచ్ తొక్కితే మారిందా? ఏసీ వేస్తే? హెడ్‌లైట్లు వేస్తే? స్టీరింగ్ ఆ చివరికి తిప్పితే? బరువు పడినప్పుడు ఉందా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఉందా?

బరువు అన్నాను కాబట్టి చెప్తున్నాను. మన డెల్టాలో కొండలెక్కడివండీ? ఊరంతా పళ్లెంలా ఉంటుంది. బండికి బరువు పడేది వంతెన ఎక్కేటప్పుడే. సిద్ధాంతం వంతెన కానివ్వండి, చించినాడ కానివ్వండి, ఎదుర్లంక కానివ్వండి, ఆ ఎక్కుడు మన పరీక్ష గది. మూడో గేరులో, 40 దాటకుండా, అద్దాలు దించుకుని ఎక్కండి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేరులోనే దిగండి. ఎక్కేటప్పుడు వచ్చేదెంత, దిగేటప్పుడు వచ్చేదెంత, రాసుకోండి. వంతెన పిట్టగోడకి తగిలి సౌండు వెనక్కి వస్తుంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్లకి ఇంకా బాగా వినపడుతుంది.

సరే, చల్లటి ఇంజన్ దగ్గర మొదలుపెడదాం. స్టార్ట్ చెయ్యగానే గట్టిగా కొట్టి, తెల్లపొగ కక్కి, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటే ముందు హీటర్ ప్లగ్గులు చూడండి. ఇవి నిప్పురవ్వ వెయ్యవు, స్టార్ట్ చేసేముందు లోపల వేడి చేస్తాయి. "మన దగ్గర చలేంటండీ, హీటర్ ఎందుకు" అంటారు కొందరు. ప్రీ-చాంబర్ ఇంజన్‌కి మన పుష్యమాసం పొద్దు చాలు. ఆ చిన్న గది గోడలే వేడంతా లాగేసుకుంటాయి. నాలుగు ప్లగ్గుల్లో ఒకటి పోయినా ఆ సిలిండర్ కాసేపు మిస్ అయి, ఆలస్యంగా అంటుకుని కొడుతుంది. చూడటం తేలికే. నాలుగింటినీ కలిపే పట్టీ విప్పండి. 12 వోల్టుల బల్బు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ప్లగ్గు నెత్తి మీద. వెలిగితే ప్లగ్గు తీగ బాగుంది, వెలగకపోతే తెగింది. మీటరుంటే ఇంకా మంచిది. ఒక ఓం అటూ ఇటుగా చూపించాలి. నాలుగూ బాగుండి కూడా హీట్ రాకపోతే రిలే చూడాలి, ఫ్యూజు చూడాలి.

రెండోది, చల్లగా ఉన్నప్పుడు "చిక్ చిక్ చిక్" అని వచ్చి, వేడెక్కేసరికి మాయమయ్యేది. దీన్ని ఎంతమంది టాపెట్లని, అంటే వాల్వుల్ని తోసే ముక్కలని, అనుకుంటారో! టాపెట్లు బిగిస్తారు, తగ్గదు. మళ్లీ బిగిస్తారు. చివరికి వాల్వు సీటు మీద సరిగా కూర్చోక కాలిపోతుంది. అది చాలాసార్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్ నుంచి పొగని సైలెన్సర్‌కి పంపే గొట్టం, దాని లీకు. ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది, అందుకే మాయమవుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే గ్యాస్కెట్ వెంబడి చెయ్యి దగ్గరగా పోనివ్వండి, తగలనివ్వకండి. ఉఫ్ ఉఫ్ అని గాలి తగులుతుంది. అక్కడే మసి గీత కూడా కనపడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్టడ్లు తుప్పుపట్టి విరిగిపోవడం మామూలే. ఒక్క స్టడ్ విరిగినా గ్యాస్కెట్ అక్కడ లేస్తుంది.

మూడోది, ఖాళీ బిందె మీద గుప్పిటితో కొట్టినట్టు బోలుగా వచ్చి, ఇంజన్ కాగేకొద్దీ తగ్గేది. అది పిస్టన్ అరిగి గోడకి తగులుతున్న సౌండు. వేడికి పిస్టన్ ఉబ్బుతుంది, సందు తగ్గుతుంది, సౌండు తగ్గుతుంది. కంప్రెషన్ బాగుండి, ఆయిల్ తాగకుండా ఉంటే ఇలాంటి బండి ఇంకా చాలాకాలం తిరుగుతుంది. ఊరికే ఇంజన్ విప్పించుకోకండి. ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి పెట్టి చూడండి. మూత చిన్నగా అదిరితే పర్లేదు. ఎగిరెగిరి పడుతూ రైలింజన్లా పొగ కొడితే రింగులు అయిపోయినట్టు.

ఇక టాపెట్లు. నిజంగా టాపెట్ సౌండయితే చల్లగానూ ఉంటుంది, వేడిలోనూ ఉంటుంది, ఇంజన్ స్పీడులో సగం వేగంతో వస్తుంది. సగం ఎందుకు? పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్. క్రాంక్ రెండుసార్లు తిరిగితే క్యామ్ ఒక్కసారి తిరుగుతుంది కాబట్టి. 800 ఆర్‌పీఎం మీద ఐడిల్ ఆడుతుంటే క్రాంక్ సెకనుకి పదమూడుసార్లు తిరుగుతుంది, క్యామ్ ఆరేడుసార్లు. ఒక్క వాల్వు దగ్గరిదో, ఒక్క సిలిండర్ దగ్గరిదో అయితే బల్ల మీద వేలితో తాళం వేసి అందుకోగలరు. టకటకటకటక, ఇదిగో ఇలా. వేలికి అందకుండా గుర్రుమంటే అది క్రాంక్ పుల్లీ వైపుదో, ఫ్లైవీల్ వైపుదో, లేకపోతే నాలుగు సిలిండర్లూ కలిసి చేసేదో. ఇది నూటికి నూరుపాళ్లూ కాదు, దారి చూపించేది మాత్రమే. సందులు ఎంత పెట్టాలన్నది ఆ ఇంజన్ మాన్యువల్లో ఉన్నదే లెక్క. పక్క షెడ్డువాడు చెప్పిన అంకె వద్దు. సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో, ఇంజన్ చల్లగా చూడమన్నప్పుడు చల్లగానే చూడాలి.

ఇప్పుడు బల్ల మీద ఉన్న ఈ రెండు ఇంజెక్టర్లు చూడండి. ముందు వరసలో వాళ్లు చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. ఒకదాని మొహం బూడిద రంగులో పొడిగా ఉంది. రెండోదాని మెడ చుట్టూ తారు పూసినట్టు నల్లగా, గట్టిగా పేరుకుంది, గోరు దిగదు. ఎందుకలా? కింద వాషర్ పోయింది. కాలిన గ్యాస్ ఆ సందులోంచి పైకి తన్నుకొచ్చి తారయింది. బండిలో ఉండగా అది "ఫస్ ఫస్" అంటుంది, బరువు పడితే పెరుగుతుంది. ఇంజన్ చల్లగా ఉండగా సీటు చుట్టూ సబ్బునీళ్లు పోసి స్టార్ట్ చెయ్యండి, బుడగలు లేస్తాయి. ఆ వాషర్ కొన్ని బండ్లకి రాగిది, కొన్నిటికి గిన్నెలా ఒంపు తిరిగిన ఇనపది. ఏదైనా సరే, ఇంజెక్టర్ తీసిన ప్రతిసారీ కొత్తదే వెయ్యాలి. పాతది స్టవ్ మీద కాల్చి మళ్లీ వేసేవాళ్లున్నారు. ఎందుకండీ ఆ కక్కుర్తి? ఇంకోటి, గిన్నె వాషర్‌ని తిరగేసి వేస్తే అది ఉండీ లేనట్టే.

ఇక ఈ సభకి ముఖ్యమైన పరీక్ష. సిలిండర్లు ఒక్కొక్కటీ ఆపి వినడం. పంపు నుంచి నాలుగు ఇనప పైపులు నాలుగు ఇంజెక్టర్లకి వెళ్లే పాత బండ్లకే ఇది. జాగ్రత్తగా వినండి, పాత మెకానికల్ పంపు బండ్లకే. ఇన్నోవా, స్విఫ్ట్ డీజిల్ లాంటి కామన్ రైల్ బండ్లలో అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి డీజిల్ వెళ్తుంది. వాటి పైపు నట్టు ఇంజన్ ఆడుతుండగా పొరపాటున కూడా వదులు చెయ్యకండి. అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటగలదు. బార్ అంటే ఒత్తిడి కొలత. సన్నటి ధార చర్మాన్ని కోసుకుని లోపలికి దూరుతుంది. పైకి సూదిపోటంత గాయం, లోపల డీజిల్ విషం. వేలు తీసేయాల్సి రావచ్చు. అలా తగిలితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పాత బండికొస్తే, ఇంజన్ని ఐడిల్ మీద ఉంచండి. మెడలో కండువా ఉంటే తీసి పక్కన పెట్టండి, బెల్టు లాగేస్తుంది. ఇంజెక్టర్ నెత్తి మీద పైపు నట్టుకి గుడ్డ చుట్టి, 17 పానాతో అర చుట్టు వదులు చెయ్యండి. డీజిల్ బయటికి చిమ్ముతుంది, ఆ సిలిండర్ ఆగిపోతుంది. వినండి. మళ్లీ బిగించండి. రెండోది. మూడోది. నాలుగోది. ఏదో ఒకదాన్ని వదులు చేసినప్పుడు ఆ కొట్టుడు ఆగిపోయిందా? రోగం ఆ సిలిండర్‌లో ఉంది. ఏదైనా ఒకటి వదులు చేసినా ఇంజన్‌లో అసలు మార్పే లేదా? ఆ సిలిండర్ అంతకు ముందు నుంచే పని చెయ్యట్లేదు. నాలుగింటిలో దేన్ని ఆపినా కొట్టుడు అలాగే ఉందా? ఇంజన్ లోపల మంటతో దానికి సంబంధం లేకపోవచ్చు, ముందు బయట వెతకండి.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. ఇక్కడ ఆగిపోతారు, అదే తప్పు. మూడో సిలిండర్ ఆపితే కొట్టుడు ఆగింది. దోషం నాజిల్‌దా, కింద పిస్టన్ని క్రాంక్‌కి కలిపే కన్‌రాడ్ బేరింగ్‌దా? రెండూ మంట పడకపోతే తగ్గుతాయి కదా! అప్పుడేం చెయ్యాలి? మూడో ఇంజెక్టర్ తీసి ఒకటో దాంట్లో వెయ్యండి, ఒకటోది మూడులో వెయ్యండి. కొత్త వాషర్లతో. మళ్లీ అదే పరీక్ష. కొట్టుడు ఒకటికి మారిందా? నాజిలే. మూడులోనే ఉండిపోయిందా? పిస్టన్, పిన్ను, బేరింగు, ఈ మూడింట్లో ఒకటి. గంటన్నర పని, రెండు వాషర్ల ఖర్చు. ఇంజన్ దింపే ఖర్చుతో పోల్చి చూసుకోండి. నాజిల్ అని తేలితే టెస్ట్ బెంచి మీద పెట్టించండి. ఈ ప్రీ-చాంబర్ నాజిళ్లు 120, 150 బార్ మధ్య తెరుచుకుంటాయి. చిమ్మిన తర్వాత మూతి పొడిగా ఉండాలి. చుక్క వేలాడిందంటే అదే మీ టకటక.

ఇప్పుడు ఊగే సౌండు. ఐడిల్‌లో ఇంజన్ పెరుగుతుంది, తగ్గుతుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. ఉయ్యాల ఊగినట్టు. దీనికి మనవాళ్లు ముందు పంపు మీద పడతారు. పంపు విప్పాలంటే వేలల్లో మాట. ముందు గాలి చూడండి బాబూ. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ని పంపే పీల్చుకుంటుంది. పీల్చే పైపులో చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. అందుకే తడి కనపడదు, అందుకే ఎవరికీ దొరకదు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు వెయ్యండి. బుడగలు వరసగా పోతుంటే గాలి దూరుతోందన్నమాట. ఎక్కడ నుంచి? ఫిల్టర్ మీద రబ్బరు రింగు, క్లిప్పులు, ప్రైమింగ్ పంపు, అడుగున తుప్పుపట్టిన పైపు. మన చేల పక్కన ఇళ్లలో అయితే ఎలుకలు. కోతలయ్యాక పొలంలో తిండి అయిపోయి బోనెట్‌లోకి చేరతాయి. రబ్బరు పైపుకి పంటి గాటు ఒక్కటి చాలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో కొబ్బరిపీచుతో గూడు కూడా కడతాయి. అప్పుడు గాలి అందక నల్లపొగ.

దొరకలేదా? ఇంకో ఉపాయం. ఐదు లీటర్ల క్యాన్‌లో బంకు డీజిల్ పోసి, ఇంజన్ కంటే కొంచెం ఎత్తున వేలాడదీసి, దాంట్లోంచి పైపు నేరుగా పంపుకి పెట్టండి. మధ్యలో చిన్న ఫిల్టర్ ఒకటి ఉండనివ్వండి. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే. గాలి తీసి స్టార్ట్ చెయ్యండి. ఊగడం ఆగిందా? పంపు మంచిదే, రోగం వెనకాల పైపుల్లోనో ట్యాంకులోనో ఉంది. అప్పటికీ ఊగుతోందా? అప్పుడు పంపు విప్పండి, నేనేమీ అనను.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే. మన గాలిలో తేమ ఎక్కువ. ట్యాంకు ఎప్పుడూ పావు దగ్గరే ఉంచితే ఖాళీ భాగంలో తేమ పట్టి నీరవుతుంది. భీమవరం, నరసాపురం వైపు చెరువుల ఇంజన్ల కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిలవ పెడతారు. అదే డీజిల్ కారులోనూ పోస్తారు. డ్రమ్ము అడుగున ఏముంటుందో మీకు తెలుసు. డీజిల్ ఫిల్టర్ అడుగున మర ఉంటుంది, దాన్ని వదులు చేసి ఒక గాజు సీసాలోకి వదలండి. పది నిమిషాలు కదపకండి. నీరు బరువు కాబట్టి అడుగుకి దిగుతుంది, మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది. వానాకాలంలో నెలకోసారి ఈ పని చెయ్యండి. ఫిల్టర్ మూసుకుపోతే మాత్రం ఐడిల్‌లో బాగానే ఉంటుంది, వంతెన ఎక్కేటప్పుడు గొంతు పట్టేసినట్టవుతుంది.

టైమింగ్ గురించి ఒక్క నిమిషం. టైమింగ్ బెల్టు మార్చాక సౌండు మారిందంటే ఒక పన్ను తేడా వచ్చిందేమో చూడండి. ముందుకి జరిగితే గట్టిగా, ఇనుము మీద సుత్తితో కొట్టినట్టు. వెనక్కి జరిగితే మెత్తగా ఆడుతుంది, "అబ్బా, ఎంత బాగుందో" అనుకుంటారు, కానీ లాగదు, తెల్లపొగ వేస్తుంది. మెత్తగా ఉంది కదా అని మోసపోకండి. బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ గుర్రుమంటే ఆ రోజే మార్చండి. బెల్టు తెగితే పిస్టన్ వెళ్లి వాల్వుల్ని కొడుతుంది.

ఏసీ వేస్తే, లైట్లు వేస్తే, స్టీరింగ్ తిప్పితే మారే సౌండు ముందు వైపు బెల్టుల మీద ఉంటుంది. ఇంజన్ ఆపి, బెల్టు తీసేసి, ఒక్క నిమిషం స్టార్ట్ చెయ్యండి. సౌండు పోయిందా? ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ పంపు, ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి చూడండి, గరుకు చేతికే తెలుస్తుంది. నిమిషం కంటే ఎక్కువ వద్దు, కొన్నిటికి వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటుంది. పాత డీజిల్ బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వెనకాలే బ్రేకుల వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. బెల్టు లేకుండా బండి కదిపితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. కదపకండి. ఆ వ్యాక్యూమ్ పంపుకి ఆయిల్ వెళ్లే సన్నటి పైపు మూసుకుపోతే అదే టకటకలాడుతుంది. దాన్ని ఇంజన్ లోపలిదనుకుని హెడ్ దింపినవాళ్లున్నారు.

క్లచ్ తొక్కితే పోయే సౌండు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కితే వచ్చే సౌండు రిలీజ్ బేరింగ్. అంతే, దీనికి ఉపన్యాసం అక్కర్లేదు.

ఐడిల్‌లో లోపలంతా బూమ్మని, కొంచెం రేస్ ఇస్తే పోతే ఇంజన్ని పట్టుకునే మౌంటింగులు చూడండి. ఒకరు లోపల కూర్చుని హ్యాండ్‌బ్రేకు, కాలిబ్రేకు రెండూ గట్టిగా వేసి, ఒకటో గేరులో క్లచ్ కొద్దిగా వదలాలి. ఇంకొకరు పక్కన నిలబడాలి, బండి ముందు మాత్రం నిలబడకూడదు. ఇంజన్ ఒక పక్కకి ఎగిరితే మౌంటింగ్ తెగింది. సైలెన్సర్ పైపు బాడీకి తగిలే చోటు నిగనిగలాడుతూ రుద్దుకున్న గుర్తుంటుంది.

ఇంజన్ కిందనుంచి వచ్చే బరువైన కొట్టుడు, అదొక్కటే భయపడాల్సింది. వేడెక్కేకొద్దీ పెరుగుతుంది, ఎందుకంటే ఆయిల్ పల్చబడుతుంది. దాదాపు 2000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి ఒక్కసారి వదిలేస్తే, దిగే దారిలో దడదడమని వినపడుతుంది. ఆయిల్ లైటు ఐడిల్‌లో మినుకుమినుకుమంటే ఇక మాట్లాడక్కర్లేదు, ఆపేసి తాడు కట్టి లాక్కురండి. ఆ పరిస్థితి రాకుండా చూసుకోవాలంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెరుగుతోందా? సంతోషించకండి. డీజిల్ కలుస్తోంది. నాజిల్ కారి గోడ వెంట కిందకి దిగుతోంది, లేదా పంపు సీలు పోయింది. డీజిల్ కలిసిన ఆయిల్ బేరింగుల్ని తినేస్తుంది. తెల్లగా, పాలు కలిసినట్టుంటే నీళ్లు.

నీళ్లంటే వరద గుర్తొస్తుంది కదండీ. 2022 జూలై వరద మీరు మర్చిపోలేదు. కాజ్‌వే మీద నీళ్లలో బండి ఆగిపోయిందనుకోండి. ఏం చేస్తారు? సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడతారు. అదే కొంప ముంచుతుంది. గాలిని నొక్కొచ్చు కానీ నీళ్లని నొక్కలేం. సిలిండర్‌లో నీరుంటే కన్‌రాడ్ వంగుతుంది. వంగినా బండి స్టార్ట్ అవుతుంది, అదే చిక్కు. రాడ్ పొట్టిదయింది, పిస్టన్ పైదాకా రాదు, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ, అక్కడ నుంచి కొట్టుడు. మంచి ప్రీ-చాంబర్ ఇంజన్ 25 నుంచి 30 బార్ చూపిస్తుంది. మూడు బాగుండి ఒకటి నాలుగైదు బార్ తక్కువుంటే, అది కూడా వరద తర్వాత అయితే, రాడ్‌నే అనుమానించండి. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ ముట్టుకోకండి. తోసి గట్టుకి చేర్చండి. హీటర్ ప్లగ్గులు నాలుగూ తీసేసి, పానాతో క్రాంక్ చేత్తో తిప్పండి, నీరు ఆ కన్నాల్లోంచి చిమ్ముతుంది. ఆయిల్, ఫిల్టర్లు మార్చి, అప్పుడు స్టార్ట్ చెయ్యండి.

కామన్ రైల్ బండ్ల గురించి తమ్ముడు ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతున్నాడు. వాటిలో అసలు డీజిల్ పడేముందు చిటికెడు డీజిల్ ముందుగా పడుతుంది, ఆలస్యం తగ్గించడానికి. అందుకే అవి మెత్తగా ఉంటాయి. ఒక ఇంజెక్టర్ ఆ చిటికెడు సరిగా వెయ్యకపోతే కారు ట్రాక్టరవుతుంది. దానికి పానా పని చెయ్యదు. స్కానర్ పెట్టి సిలిండర్లు ఒక్కొక్కటీ ఆపాలి. తర్వాత రిటర్న్ పరీక్ష. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, నాలుగు ఒకేలాంటి సీసాల్లోకి పెట్టి, కొన్ని నిమిషాలు ఐడిల్ ఆడించండి. మూడు సీసాల్లో సమానంగా ఉండి ఒకదాంట్లో రెండింతలుంటే దొంగ దొరికినట్టే. కొత్త ఇంజెక్టర్ వేశాక దాని నెత్తి మీదున్న కోడ్ కంప్యూటర్‌కి ఎక్కించాలి. ఎక్కించకపోతే కొత్తదే కొడుతుంది. స్విఫ్ట్ డీజిల్ లాంటి 1.3 లీటర్ల ఇంజన్లకి బెల్టు ఉండదు, చైను. పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే రెండు మూడు సెకన్లు గొలుసు లాగినట్టు గలగలమంటే చైను సాగింది, టెన్షనర్ చూడాలి.

ఏంటండీ బాబాయ్ గారూ? మందంగా ఉండే ఆయిల్ పోస్తే సౌండు తగ్గుతుందా అంటున్నారు. తగ్గుతుందండి. అమ్మేవాడికి అదే కావాలి. కొనేవాడు మీరే అయితే? స్టార్ట్ చేసినప్పుడు మందపు ఆయిల్ పైకి చేరడానికి ఆలస్యమవుతుంది, ఆ పది సెకన్లలో టాపెట్లూ క్యామూ ఎండిపోయి తిరుగుతాయి. మాన్యువల్ 15డబ్ల్యూ-40 (ఆయిల్ మందం గుర్తు అది) అంటే అదే పొయ్యండి.

వెనకాల అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. సర్వీసు చేయించాకే సౌండు మొదలైంది అంటోంది. అయితే సర్వీసులో ముట్టుకున్నవే ముందు చూడాలమ్మా. ఇంజెక్టర్ పైపుల మీద క్లిప్పులు మళ్లీ పెట్టారా? అవి లేకపోతే పైపులు అదిరి, కొన్నాళ్లకి చిట్లుతాయి. ఆయిల్ ఫిల్టర్ చవకది వేశారా? దాంట్లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు సరిగా లేకపోతే, రోజూ పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే కొన్ని సెకన్లు టకటకలాడుతుంది. కింద ప్లాస్టిక్ కవర్ మరలు బిగించారా? అది ఒక్కోసారి ఇంజన్ పోయినంత గోల చేస్తుంది.

సరే, పదండి బయటికి. తాళం ఇదిగో. ముందు బోనెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉందా? మానిఫోల్డ్ దగ్గర ఒకరు, సైలెన్సర్ వెనక పొగ రంగు చూడటానికి ఒకరు, వాచీ పట్టుకుని ఒకరు. కండువాలు తీసేయండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి, ఎవరూ మాట్లాడొద్దు. హీటర్ లైటు ఆరాక… ఆరిందా? కొట్టు బాబూ సెల్ఫ్.